నాయకత్వ మార్పుపై తెనాలి, బాపట్ల, రేపల్లె కాంగ్రెస్ కార్యకర్తల ఉమ్మడి తీర్మానం

తెనాలి, బాపట్ల, రేపల్లె శాసనసభ నియోజకవర్గాల కాంగ్రెస్ కార్యకర్తలం తెనాలిలో ఉమ్మడిగా సమావేశమై, పొద్దుటి నుంచి దీపాలు పెట్టేవేళ దాకా చర్చించి, మెజారిటీతో ఆమోదించిన తీర్మానం ఇది. చర్చకు కూర్చునే ముందు అందరం రణరంగ చౌక్‌కు నడిచి వెళ్లాం. 1942 ఆగస్టు 12న పోలీసు కాల్పుల్లో నేలకొరిగిన ఏడుగురి స్తూపాల ముందు మౌనంగా నిలబడ్డాం. ఆ ఏడాది ఆగస్టు 9 తెల్లవారుజామునే జాతీయ నాయకులను జైళ్లకు తరలించారు. తెనాలి జనానికి ఏం చెయ్యాలో చెప్పే పెద్దలు బయట లేరు. అయినా మూడో రోజు తిరక్కుండానే ఈ ఊరు వీధిలోకి వచ్చింది. నాయకుడు అందుబాటులో లేనప్పుడు కాంగ్రెస్ ఎలా నిలబడిందో చెప్పే చోటు మా కళ్లెదుటే ఉంది కనుక, ఆ ఏడుగురికి నమస్కరించి ఈ తీర్మానం మొదలుపెడుతున్నాం.

మా ముందుకు వచ్చిన ప్రశ్న: ఆంధ్రప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్ష పదవిలో మార్పు కోరాలా, వద్దా?

ముందుగా మా స్థితి ఏమిటో దాపరికం లేకుండా నమోదు చేస్తున్నాం. 2009లో ఉమ్మడి రాష్ట్రంలోని 294 స్థానాల్లో 156 గెలిచిన పార్టీ మాది. ఆ ఎన్నికల్లో తెనాలి నుంచి నాదెండ్ల మనోహర్, బాపట్ల నుంచి గాదె వెంకటరెడ్డి, రేపల్లె నుంచి మోపిదేవి వెంకటరమణ చేతి గుర్తు మీద గెలిచారు. బాపట్ల లోక్‌సభ స్థానంలో పనబాక లక్ష్మి గెలిచారు. అప్పట్లో మూడు నియోజకవర్గాల్లోనూ గోడ మీద మా గుర్తు లేని వీధి లేదు. ఐదేళ్లు తిరిగేసరికి, విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్‌లో 175 శాసనసభ స్థానాల్లో ఒక్కటీ రాలేదు, 25 లోక్‌సభ స్థానాల్లో ఒక్కటీ రాలేదు. 2019లోనూ రాలేదు. 2024లోనూ రాలేదు. 2019 శాసనసభ ఎన్నికల్లో రాష్ట్రమంతటా మాకు పడిన ఓట్లు 1.17 శాతం, నోటాకు అంతకంటే ఎక్కువ పడ్డాయి. 2024లో అది 1.72 శాతానికి పెరిగింది. పెరిగిందని సంతోషించే స్థితిలో మేము లేము.

గెలిచినవాళ్లు ఎక్కడున్నారు? మనోహర్ 2018లో జనసేనలో చేరి, 2024లో అదే తెనాలి నుంచి ఆ పార్టీ తరఫున గెలిచారు. మోపిదేవి వైఎస్సార్ కాంగ్రెస్‌కు, అక్కడి నుంచి 2024లో తెలుగుదేశానికి వెళ్లారు. పనబాక లక్ష్మి 2019 ఎన్నికల నాటికి తెలుగుదేశంలో ఉన్నారు. బాపట్లలో కాంగ్రెస్ అంటే కోన ప్రభాకరరావు అనుకున్న రోజులు ఉన్నాయి. ఆయన శాసనసభ స్పీకరుగా, గవర్నరుగా పనిచేశారు. ఆయన కుమారుడు రఘుపతి 2014లోనూ 2019లోనూ మరో పార్టీ గుర్తు మీద గెలిచారు. వెళ్లినవారిని ఈ సమావేశం నిందించడం లేదు. వాళ్ల వెంట ఓటర్లు వెళ్లారు, బూత్ ఏజెంట్లు వెళ్లారు, జెండా కట్టే కుర్రవాళ్లు వెళ్లారు. మిగిలింది మేము. మాట్లాడే హక్కు మాకుంది అనుకుంటున్నాం.

ఇప్పుడు అధ్యక్షుల సంగతి. 2014 మార్చిలో ఎన్. రఘువీరారెడ్డి వచ్చారు. 2019 ఓటమి తర్వాత ఆయన తప్పుకున్నారు. 2020 జనవరిలో సాకే శైలజానాథ్, 2022 నవంబరులో గిడుగు రుద్రరాజు, 2024 జనవరిలో వై.ఎస్. షర్మిల బాధ్యత తీసుకున్నారు. పదేళ్లలో నలుగురు. నాయకుణ్ణి మార్చితే పార్టీ లేస్తుందన్నదే నిజమైతే, మూడు మార్పుల తర్వాత ఒక్క స్థానమైనా రావాలి. రాలేదు. రుద్రరాజుకు దక్కిన కాలం పద్నాలుగు నెలలు; ఒక మండల కమిటీని పూర్తిగా వేసుకోవడానికే ఆ కాలం చాలదు. శైలజానాథ్ 2025 ఫిబ్రవరిలో పార్టీ మారిపోయారు. షర్మిల తన పార్టీని కాంగ్రెస్‌లో విలీనం చేసింది 2024 జనవరి 4న, అధ్యక్షురాలిగా నియామకం జరిగింది జనవరి 16న. మధ్యలో పన్నెండు రోజులు. పోలింగు మే 13న. ఆ నాలుగు నెలల లోపు ఫలితానికి ఆమెనొక్కరినే బోనులో నిలబెట్టడం న్యాయం కాదని ఈ సమావేశం భావిస్తోంది. కడపలో ఆమె స్వయంగా నిలబడి, లక్షకు పైగా ఓట్లు తెచ్చుకుని, మూడో స్థానంలో నిలిచారు. ఓడిపోతామని తెలిసీ నిలబడటానికి ధైర్యం కావాలి.

అయితే ఆ పన్నెండు రోజుల్లో గాని, అంతకుముందు ముగ్గురి నియామకాలప్పుడు గాని, ఈ సమావేశంలో ఉన్న ఏ ఒక్కరి ఓటూ ఎవరూ అడగలేదు. మా అసలు ఫిర్యాదు అక్కడుంది.

చర్చలో ఎక్కువ సేపు గడిచింది చరిత్ర మీద. రేపల్లె నుంచి వచ్చిన మిత్రులు భట్టిప్రోలు, వేమూరు స్టేషన్ల మీదుగా తెనాలి చేరుకున్నారు. బాపట్ల మిత్రులు నిడుబ్రోలు, చుండూరు దాటి వచ్చారు. ఆ నాలుగు స్టేషన్ల పేర్లే మా చర్చకు దారి చూపాయి.

వేమూరు కొణిజేటి రోశయ్య పుట్టిన ఊరు. 2009 సెప్టెంబరు 2న వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో మరణించాక ముఖ్యమంత్రి బాధ్యత ఆయన భుజాల మీద పడింది. ఎవరు ఉండాలన్నది శాసనసభా పక్షం రహస్య ఓటుతో తేల్చలేదు. 2010 నవంబరులో ఆయన తప్పుకున్నారు, కిరణ్‌కుమార్ రెడ్డి వచ్చారు. ఆయన 2014 ఫిబ్రవరిలో రాజీనామా చేసి పార్టీనే వదిలారు. ఐదేళ్ల శాసనసభలో ముగ్గురు ముఖ్యమంత్రులు. 156 మంది ఎమ్మెల్యేల పార్టీ చివరికి సున్నా దగ్గర తేలింది. విభజన ఒక్కటే కారణం అని చెప్పుకుంటే మాకు సులువుగా ఉంటుంది. విభజన దెబ్బ పెద్దదే. ఆ దెబ్బ తగిలినప్పుడు ఊళ్లో నిలబడి సమాధానం చెప్పగల నాయకుడు మాకు లేకపోవడం మాత్రం మేము చేసుకున్నది.

అంతకుముందు 1978లో కాంగ్రెస్ గెలిచాక ఐదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రులయ్యారు: మర్రి చెన్నారెడ్డి, టి. అంజయ్య, భవనం వెంకట్రామిరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో అంజయ్యకు జరిగిన అవమానం తెలుగువాళ్లందరికీ గుర్తుంది. ఆ నెలలోనే ఆయన పదవి పోయింది. మార్చి 29న ఎన్.టి. రామారావు తెలుగుదేశం స్థాపించారు. తొమ్మిది నెలల తర్వాత జరిగిన ఎన్నికల్లో కాంగ్రెస్‌కు మిగిలినవి 60 స్థానాలు. 1989లో 181 స్థానాలతో తిరిగి వచ్చి మళ్లీ అదే పని చేశారు. చెన్నారెడ్డి, నేదురుమల్లి జనార్దనరెడ్డి, కోట్ల. 1994లో 26. ఈ లెక్కలు మా ప్రత్యర్థులు వేసినవి కావు. మా పార్టీ తనకు తాను రాసుకున్నవి. కింద ఉన్నవారిని అడగకుండా పైనుంచి నాయకుణ్ణి మార్చిన ప్రతిసారీ మా ఓటరు మా మీద అలిగాడు. అలిగినప్పుడల్లా తిరిగి రావడానికి అతనికి ఎక్కువ కాలం పట్టింది. ఈసారి ఇంకా రాలేదు.

అదే వేమూరు నుంచి 1983లో తెలుగుదేశం తరఫున గెలిచినవారు నాదెండ్ల భాస్కరరావు. 1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ ఎన్.టి.ఆర్. ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. నెల రోజులకు, సెప్టెంబరు 16న, ఎన్.టి.ఆర్. తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. 1985 మార్చిలో మరోసారి ప్రజల దగ్గరికి వెళ్లి గెలిచారు. ఆ నెల రోజుల మార్పు వెనుక మా పార్టీ అండ ఉందని జనం నమ్మారు. దాని మూల్యం మేమే చెల్లించాం.

నాయకత్వ మార్పు ఫలించిన సందర్భాలు లేవా అని బాపట్ల మిత్రులు గట్టిగా అడిగారు. ఉన్నాయి. వాటిని ఈ తీర్మానంలోంచి తప్పించడం నిజాయితీ కాదు. 1995లో తెలుగుదేశం ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది చంద్రబాబు నాయుడి వైపు నిలిచారు. ఆయన సెప్టెంబరు 1న ముఖ్యమంత్రి అయ్యారు, 1999లో పార్టీ మళ్లీ గెలిచింది. ఆ మార్పులోని బాధ వేరే సంగతి. లెక్క చూస్తే, అక్కడ పార్టీ అధికారంలో ఉంది, లెక్కపెట్టడానికి రెండు వందల మందికి పైగా ఎమ్మెల్యేలు ఉన్నారు. మరింత దగ్గరి ఉదాహరణ తెలంగాణ. 2021 జూన్‌లో రేవంత్ రెడ్డిని అక్కడ ప్రదేశ్ కాంగ్రెస్ కమిటీ (పీసీసీ) అధ్యక్షుడిగా ఢిల్లీయే నియమించింది. 2023 డిసెంబరులో 119 స్థానాల్లో 64 గెలిచి కాంగ్రెస్ ప్రభుత్వం ఏర్పడింది. ఈ ఉదాహరణ మా వాదనకు ఎదురు నిలుస్తుంది, ఒప్పుకుంటున్నాం. కాని తెలంగాణ కాంగ్రెస్ 2018లో ఓడినప్పుడు కూడా 19 స్థానాలు గెలిచింది. బూత్ దగ్గర కూర్చునే మనిషి పోలేదు. రేవంత్ రెడ్డికి ఎన్నికలకు ముందు రెండున్నరేళ్లు చేతిలో ఉన్నాయి. ఇంటికి పునాది ఉంటే యజమాని మారినా గోడలు నిలుస్తాయి. మాకు మిగిలింది 1.72 శాతం.

దూరదేశం మాట ఒకటి కూడా వచ్చింది. బ్రిటన్ కన్జర్వేటివ్ పార్టీ 2016 నుంచి 2022 లోపు నలుగురు కొత్త ప్రధానులను తెచ్చింది. 2024 జులైలో 121 స్థానాలకు పడిపోయింది. వాళ్లలో లిజ్ ట్రస్‌ను ఎన్నుకున్నది పార్టీ సభ్యులే కదా, ఆమె యాభై రోజులు కూడా నిలవలేదు కదా అని యువ మిత్రులు అడ్డు తగిలారు. నిజమే. ఎన్నిక పెట్టినంత మాత్రాన మంచి నాయకుడు వస్తాడని ఈ సమావేశం హామీ ఇవ్వలేదు. సభ్యులు పొరపాటు పడితే ఆ పొరపాటు వాళ్లది, దిద్దుకోవలసిన పని కూడా వాళ్లదే అవుతుంది. ఇప్పుడు మా పార్టీలో పొరపాటు ఎవరిదో ఎవరికీ తెలియదు. అందుకే దిద్దేవారు కనిపించడం లేదు.

నిడుబ్రోలు దగ్గర చర్చ ఇంకాసేపు ఆగింది. ఆచార్య ఎన్.జి. రంగా ఊరు అది. 1951లో ఆంధ్ర ప్రాంత కాంగ్రెస్ అధ్యక్ష పదవికి ఆయనకూ నీలం సంజీవరెడ్డికీ పోటీ జరిగింది. హోరాహోరీ పోటీలో రంగా ఓడిపోయారు, పార్టీ వదిలి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. ఎన్నిక పెడితే పార్టీ చీలుతుంది అనేవారి చేతిలో ఇంతకంటే బలమైన ఉదాహరణ లేదు. ఈ భయాన్ని మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. అయితే మిగతా కథ కూడా చెప్పాలి. అదే రంగా తర్వాతి కాలంలో కాంగ్రెస్‌లోకి తిరిగి వచ్చి, 1980 నుంచి వరుసగా మూడుసార్లు గుంటూరు నుంచి కాంగ్రెస్ ఎంపీగా గెలిచారు. ఎదురెదురుగా నిలబడి ఓడిన మనిషి తిరిగి రాగలిగాడు. ఎవరు ఎందుకు ఎంపికయ్యారో తెలియకుండా అవమానపడి వెళ్లినవాళ్లు మా మూడు నియోజకవర్గాల్లో చాలామంది ఉన్నారు, వాళ్లు తిరిగి రావడం లేదు.

ఇంకా వెనక్కి వెళ్తే 1939 నాటి కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నిక. మహాత్మా గాంధీ మద్దతు ఉన్న మన భోగరాజు పట్టాభి సీతారామయ్య, సుభాష్ చంద్ర బోస్ చేతిలో 1,377కు 1,580 ఓట్లతో ఓడిపోయారు. మహాత్ముడి మాట ఉన్నా ఓట్లు లెక్కపెట్టారు. ఓడిన పట్టాభి పార్టీని వదల్లేదు. 1948లో మళ్లీ పోటీపడి అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. ఈ అలవాటు మా పార్టీకి పరాయిది కాదు. 2022 అక్టోబరులో అదే పదవికి మల్లికార్జున ఖర్గే, శశి థరూర్ పోటీపడ్డారు. ఖర్గేకు 7,897, థరూర్‌కు 1,072 ఓట్లు వచ్చాయి. జాతీయ అధ్యక్షుడికి బ్యాలట్ పెట్టగలిగిన పార్టీ, అదే ఏడాది రాష్ట్ర అధ్యక్షుల నియామకం మాత్రం అధిష్ఠానానికే వదిలేస్తూ అనేక రాష్ట్రాల పీసీసీల చేత ఏకవాక్య తీర్మానాలు చేయించింది. ఆ ఒక్క వాక్యం స్థానంలో మేము ఈ తీర్మానం పెడుతున్నాం.

చుండూరు మాట రాయకుండా ఇది పూర్తి కాదు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. అప్పుడు రాష్ట్రంలో ప్రభుత్వం మాది. ఈ ప్రాంతంలో దళిత వాడలు దశాబ్దాల పాటు మా పార్టీకి వెన్నెముకగా ఉన్నాయి. హతుల కుటుంబాల కోసం ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించడానికి పోరాడింది దళితులే, మేము కాదు. ఏ అధ్యక్షుడు మారినా, ఆ వాడకు వెళ్లి తలవంచి మాట్లాడకుండా మా ఓటు తిరిగి రాదు. ఇది నాయకుడి పని కంటే ముందు మా పని.

అలాగే 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, కోతకొచ్చిన వరి నీళ్లలో మునిగింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వదిలినప్పుడు కొల్లూరు, భట్టిప్రోలు మండలాల లంక గ్రామాలు నీటిలో ఉన్నాయి. కౌలు రైతుకు నష్టపరిహారం చేతికి రావాలంటే అతని పేరు కాగితం మీద ఉండాలి. భూమి యజమాని పేరే ఉంటుంది. నిజాంపట్నం తీరంలో వేటకు వెళ్లలేని రోజుల్లో మత్స్యకారుడి ఇల్లు ఎలా గడుస్తుందో అడిగే పార్టీ ఉండాలి. ఎమ్మెల్యే లేకపోయినా ఈ పనులు చెయ్యవచ్చు. మేము చేసింది తక్కువ.

ఈ నేపథ్యంలో ఈ సమావేశం తీర్మానిస్తున్నది ఇది.

శ్రీమతి షర్మిలను తొలగించాలని ఈ సమావేశం కోరడం లేదు. ఆమె స్థానంలో మరొకరిని ఢిల్లీ నుంచి నియమించాలన్న ప్రతిపాదన వస్తే, ఆ మరొకరు ఎవరైనా సరే, మా మద్దతు ఉండదు. అధ్యక్ష పదవికి రహస్య బ్యాలట్‌తో ఎన్నిక జరపాలని అఖిల భారత కాంగ్రెస్ కమిటీని కోరుతున్నాం. ముందు సభ్యత్వ జాబితాలను గ్రామం, వార్డు వారీగా బహిరంగంగా పెట్టాలి. పేరు లేనివారు అడిగి చేర్చుకోవడానికి గడువు ఇవ్వాలి. ఆ సభ్యుల ఓటుతో మండల, బ్లాక్ కమిటీలు, జిల్లా కమిటీలు, పీసీసీ ప్రతినిధులు ఎన్నిక కావాలి. ఆ ప్రతినిధులే అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి. ఇప్పటి అధ్యక్షురాలు తప్పక పోటీలో ఉండాలని మనవి చేస్తున్నాం. ఆమె గెలిస్తే ఆమె వెనుక నడుస్తాం. ఓడితే, గెలిచినవారి వెనుక ఆమెతో కలిసి నడుస్తాం. ఎన్నికైనవారికి పూర్తి కాలం ఇవ్వాలి. మధ్యలో తప్పించాలంటే ఎన్నుకున్న ప్రతినిధుల్లో మూడింట రెండు వంతుల మంది ఓటు వెయ్యాలి.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. తెనాలి గుంటూరు జిల్లాలో మిగిలింది. అప్పటి నుంచి మూడు నియోజకవర్గాల కార్యకర్తలం ఒకరి కష్టం ఒకరికి తెలియకుండా పనిచేస్తున్నాం. రెండు జిల్లా కమిటీల కింద ఉంటూనే, నీటిపారుదల, కౌలు, చేపల వేట వంటి ఉమ్మడి సమస్యల మీద కలిసి కూర్చోవడానికి ఒక సమన్వయ సంఘం వేసుకుంటున్నాం. దానికి పైనుంచి అనుమతి అక్కర్లేదని సమావేశం అభిప్రాయపడింది.

తక్షణం నాయకత్వ మార్పు జరిగి తీరాలని, ఎన్నిక దాకా ఆగితే మిగిలిన ఓటు కూడా జారిపోతుందని తెనాలి మిత్రులు కొందరు పట్టుబట్టారు. ఎన్నిక పెడితే డబ్బున్నవాడే గెలుస్తాడని రేపల్లె పెద్దలు ఇద్దరు హెచ్చరించారు. ఈ రెండు అసమ్మతులనూ వారి కోరిక మేరకు ఈ తీర్మానంలో నమోదు చేస్తున్నాం. రెండో హెచ్చరికకు మా దగ్గర పూర్తి సమాధానం లేదు. సభ్యత్వ జాబితా అందరికీ కనిపించేలా ఉంటే, ఓటర్ల సంఖ్య కొద్దిమందికి పరిమితం కాకుండా ఉంటే, కొనడం కష్టమవుతుందని మాత్రం నమ్ముతున్నాం.

ఈ తీర్మానం ప్రతులను అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షులకు, ఆంధ్రప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్షురాలికి, గుంటూరు, బాపట్ల జిల్లా కాంగ్రెస్ కమిటీలకు పంపుతున్నాం. జవాబు వచ్చేదాకా ఆగకుండా, మా మూడు నియోజకవర్గాల్లో సభ్యత్వ జాబితాలను మేమే గ్రామాల వారీగా రాయడం మొదలుపెడుతున్నాం. ఇల్లు కదలకుండా ఉండిపోయిన పాత కార్యకర్తలకు మా మనవి: మీ గ్రామం జాబితా మీ దగ్గరికి వస్తుంది. మీ పేరు ఉందో లేదో చూసుకుని, లేకపోతే రాయించండి. తదుపరి సమావేశం రేపల్లెలో జరుగుతుంది. పూర్తయిన జాబితాలు అక్కడ బల్ల మీద పెట్టాలి.